దేవుడి కుండలో ఎండుచేపలు

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. నేను చెప్పకపోయినా ఎవరో ఒకరు చెబుతారు. చిన్నప్పటి నుంచీ అది గరగరే. తాడేపల్లిగూడెం దగ్గర మా పుట్టింటి పేటలో నేను పాట ఎత్తుకుంటే గుడి చూరు మీద పావురాలు లేచిపోయేవి. కాపరానికి ఏలూరు వచ్చాక అక్కడి అయ్యగారు, అంటే మా గుడి పాస్టరుగారు, ఒక ఆదివారం ఎంతో మర్యాదగా, "మీరు పాటలు మనసులో పాడుకోండమ్మా. దేవుడు మనసునే చూస్తాడు గదా," అన్నారు. ఆయన మాట తీసెయ్యలేక చాలా ఏళ్ళు మనసులోనే పాడుకున్నాను. అదే అయ్యగారు, మా ఇంటాయన పోయాక నన్ను పిలిపించి, "కొల్లేట్లో లంకలకి మీరు వెళ్ళి వాక్యం చెప్పాలమ్మా. మీ గొంతయితే నీళ్ళ మీద దూరం పోతుంది," అన్నారు. దేవుడు మనసుతో పాటు గొంతు కూడా చూస్తాడని అప్పుడే తెలిసింది నాకు.

అంతకు ముందు ఆ పని చేసినావిడ చదువుకున్న మనిషి. చలిజ్వరం పట్టుకుని, జంగారెడ్డిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకా, వేలు పెట్టి కూడబలుక్కుంటే తప్ప అక్షరం రాదు. ఇదయినా నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. కానీ అప్పుడు నేను వెనక్కి తగ్గింది అక్షరాలు రాకపోవడం వల్ల కాదు. నా లోపల వేరే ముల్లు ఉంది. అది అయ్యగారికి చెప్పాను.

"నాకు అనుమానం ఉందండీ."

"దేని మీదమ్మా?"

"చచ్చినవాళ్ళు లేవడం మీదండీ."

మా ఇంటాయన కాలవ పడవల్లో ధాన్యం బస్తాలు ఎత్తేవాడు. జ్వరంలో పోయాడు. పేట పేటంతా మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసినా పోయాడు. తమ్మిలేరు గట్టున మా వాళ్ళ సమాధుల దొడ్లో పెట్టాం. తరవాతి వానలకి ఏరు ఒడ్డు కోసుకుపోయింది. ఆయన్ని పెట్టిన చోట ఇప్పుడు నీళ్ళే. తమ్మిలేరు ఏది మోసుకుపోయినా కొల్లేట్లోనే పోస్తుందని ఏలూర్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"రేపు తీర్పు రోజున బూర మోగినప్పుడు దేవుడు మా ఆయన్ని ఎక్కడని వెతుకుతాడండీ? తల ఏలూర్లో, కాళ్ళు కొల్లేట్లో ఉంటేనూ?"

అయ్యగారు దగ్గారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అవన్నీ తీరిగ్గా మాట్లాడుకుందామమ్మా. ముందు మీరు బయల్దేరండి," అన్నారు. అయ్యగారు ఒక సంగతి తీరిగ్గా మాట్లాడుకుందామన్నారంటే దానికి జవాబు ఆయనకీ తెలియదన్నమాట. ఆ మాట అమ్మగారు, అంటే ఆయన భార్య, ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది.

అలా నా అనుమానాన్ని కూడా కొంగున కట్టుకుని బయల్దేరాను. ఏలూరు నుంచి పొలం గట్ల మీద నడిచి కొల్లేటి ఒడ్డుకు చేరాలి. అక్కడ తాటిదోనె ఎక్కాలి. తాటిమాను దొలిచి చేసిన దోనె అది, అందులో తుమ్మినా అటూ ఇటూ ఊగుతుంది. మొదటిసారి అయ్యగారు కూడా వచ్చారు నన్ను అప్పజెప్పడానికి. ఒడ్డున ఉన్నంతసేపూ, నీళ్ళ మీద నడిచిన ప్రభువు మనతో ఉన్నాడమ్మా అని ధైర్యం చెప్పారు. దోనె కదిలాక రెండు చేతులా దాని అంచులు పట్టుకుని కళ్ళు మూసేసుకున్నారు. లంక చేరేదాకా తెరవలేదు. ప్రార్థన అన్నారు తరవాత. అవునేమో.

ఆ లంకలో అందరూ చేపలు పట్టేవాళ్ళే. నన్ను అరుగు దాకా రానిచ్చేవారు, గడప లోపలికి కాదు. నేను వెళ్ళే ఇంట్లో అత్తా కోడలూ ఉండేవారు. కొడుకు చేపలు మోసుకుని కైకలూరు సంతలకి పోయేవాడు. అత్త నోరు పెద్దది. నా దోనె కనిపించగానే గట్టు మీద నుంచి అరిచేది.

"వచ్చిందమ్మా వాక్యాలమ్మ! నీ గొంతు విని మా బాతులు గుడ్లు మానేసినియ్యి. మీ దేవుడికి ఇంకో గొంతు దొరకలేదా ఏంటి?"

"దొరికిందండి పెద్దమ్మగారూ, ఆ గొంతుకి జ్వరం వచ్చింది. అందుకని నన్ను పంపారు."

"సరే కూర్చో. పాట మాత్రం ఎత్తుకోకు."

కోడలు మాత్రం దగ్గరికొచ్చి కూర్చునేది. వెదురు బద్దలతో మావులు అల్లుకుంటూ వినేది. మావులంటే నీళ్ళడుగున పెట్టే బుట్టలు, చేప లోపలికి దూరుతుంది గానీ బయటికి రాలేదు. ఆ పిల్ల ప్రశ్నలు కూడా అలాంటివే, ఒకసారి అందులోకి దూరామా, తిరిగి రావడానికి దారి ఉండదు. ప్రభువు సమాధిలోంచి లేచిన కథ చెప్పాను ఒకరోజు. అల్లిక ఆపి నా మొహంలోకి చూసింది.

"నువ్వు నమ్మేవా అక్కా?"

చెప్పొద్దూ, అయ్యగారు అడిగితే ఎలాగో దాటేసేదాన్ని. ఈ పిల్ల దగ్గర దాటలేకపోయాను. నమ్మాననీ, నమ్మకం పక్కనే అనుమానం కూడా కాపరం ఉంటోందనీ చెప్పాను. తమ్మిలేరు కోసుకుపోయిన ఒడ్డు గురించి చెప్పాను.

ఆ పిల్ల ఒక బద్ద పళ్ళతో చీల్చి, "మేం మావులేసి వచ్చేస్తాం. పైన కర్ర పాతం. పాతితే దొంగలు ఎత్తుకుపోరూ? చూస్తే అంతా నీళ్ళే ఉంటాయి. ఎక్కడుందో ఏసినోడికి తెలీదా ఏంటి?" అంది.

ఆ మాటతో నా అనుమానం పోయిందని రాయకే అమ్మాయ్. పోలేదు. కాస్త జరిగి కూర్చుంది, అంతే. బండిలో పక్కవాళ్ళకి చోటిచ్చినట్టు.

ఇక పిడికెడు బియ్యం సంగతికి వస్తాను. మా గుడి ఆడవాళ్ళకి ఒక ఆచారం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ బియ్యం గుడికి తేవాలి. పొయ్యి వెలిగించని ఇల్లు లేదు గనుక, ఎంత పేదరాలయినా ఇవ్వగలదు. దేవుడికి తీసేటప్పుడు కొందరి పిడికిలి చిన్నదయిపోయేది. అమ్మగారి పిడికిలి మాత్రం ఎప్పుడూ పెద్దదే, ఆవిడ చెయ్యే అంత. ఈ ఆచారం నేను లంకలో కోడలికి చెప్పాను. అన్నీ తెలిసినట్టు చెప్పాను గానీ, ఒక్క మాట మరిచాను. బియ్యం అనలేదు. "వండే ముందు వండేదాంట్లోంచి దేవుడికి కాస్త తీసిపెట్టు," అన్నాను.

లంకలో బియ్యం ఎక్కడివి? ఉన్న పూట ఉంటాయి. పొయ్యెక్కేది రోజూ చేపలే. ఆ పిల్ల నిష్ఠగా, వండినప్పుడల్లా ఒక చేప తీసి కుండలో వేసి మూత పెట్టింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి లంక గట్టుకు ఇంకా చేరకముందే వాసన వచ్చింది. అత్త గట్టు మీద ముక్కు మూసుకుని నిలబడి ఉంది.

"రా, వాక్యాలమ్మా, రా! మీ దేవుడి వాటా కుళ్ళిపోతోంది. వచ్చి తింటాడా, పిల్లికి ఎయ్యమంటాడా?"

నవ్వలేక, ఏడవలేక, కుండ కడగడానికి నేనే కూర్చున్నాను. అన్నాను గదా, మాట మరిచింది నేను. కోడలు మాత్రం సిగ్గుపడలేదు. "ఉప్పేసి ఎండబెడితే సరి," అంది. అప్పటి నుంచి దేవుడి చేప విడిగా కప్పు మీద ఎండేది. కాకులకి కాపలా అత్తే. తిట్టుకుంటూనే కాసేది.

ఎండలు ముదిరేనాటికి కోడలు బాప్తిస్మం తీసుకుంటానంది. మొగుడు నీ ఇష్టమన్నాడు. అత్త నన్ను పక్కకి పిలిచింది. ఈసారి అరవలేదు, దానికే నాకు భయం వేసింది.

"పంపుతాను. కానీ ఒక మాట. లంకంతా చూస్తోంది. మీ అయ్యగారు దీన్ని పనికిరావని వెనక్కి పంపేడా, అందరూ నవ్వుతారు. ఆపైన నీ దోనె ఈ గట్టుకి ఆననివ్వను. అదీ నీ మొహం చూడదు."

దోనెలో దారి పొడుగునా కోడలికి జవాబులు వల్లె వేయించాను. సృష్టికర్త ఎవరు, రక్షకుడు ఎవరు, ఆజ్ఞలేమిటి. చిలకలా అప్పజెప్పింది. ఒళ్ళో ఎండుచేపల కుండ ఉంది.

ఏలూరు గుళ్ళో పెద్దల ముందు కూర్చోబెట్టి అయ్యగారు ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పింది. పెద్దలు తలలు ఊపారు. నేను స్తంభం పక్కన కూర్చుని ఊపిరి వదిలాను. ఆఖరి ప్రశ్న అందరినీ అడిగేదే. ఆ ప్రశ్నకి అందరూ ఒక్క మాటే చెబుతారు.

"ఏ సందేహమూ లేకుండా ఇవన్నీ నమ్ముతున్నావా అమ్మా?"

"నమ్ముతున్నానండి," అంది. నేను కళ్ళు మూసుకుని స్తోత్రం అనుకునేంతలో, "కొంచెం అనుమానం కూడా ఉందండి," అంది.

పెద్దలు తలలు ఊపడం ఆపేశారు.

"అనుమానమా? ఎవరు నేర్పారు నీకు అనుమానం?" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"అక్కకీ ఉందండి," అంది నా వైపు చెయ్యి చాపి. "అక్క అంత మంచిది గదండి, ఆవిడకున్నట్టే నాకూ ఉండాలేమో అనుకున్నానండి."

అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. ఆ స్తంభం వెనక్కి దూరిపోదామంటే నేనేమో సన్నటి మనిషిని కాదు. లంకకు ఈ పిల్లని ఏ మొహంతో తీసుకెళ్ళాలి, గట్టు మీద ఆవిడ ఎలా నిలబడి ఉంటుంది, అదే కళ్ళ ముందు ఆడింది. అయ్యగారు కళ్ళజోడు తీశారు. తీరిగ్గా మాట్లాడుకుందాం అంటారని, అంటే ఈ ఏడాదికి బాప్తిస్మం లేనట్టేనని అనుకున్నాను.

అప్పుడు అమ్మగారు ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసనండీ?" అంది.

కోడలు కుండ మూత తీసింది. "దేవుడివండి. వండినప్పుడల్లా తీసిపెట్టేనండి."

అయ్యగారు కుండలోకి తొంగి చూశారు. గుడికి బియ్యం తప్ప మరోటి రావడం ఆయన ఎప్పుడూ చూడలేదు. "అనుమానం ఉందన్నావు కదమ్మా. మరి ఇవన్నీ ఎందుకు తీసిపెట్టావు?"

ఆ పిల్లకి ప్రశ్నే అర్థం కాలేదు. ఆయన మొహంలోకీ నా మొహంలోకీ మార్చి మార్చి చూసింది. "అనుమానం ఉన్న రోజున కూడా పొయ్యి వెలిగించేను గదండీ," అంది.

అయ్యగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత తన పుస్తకం తెరిచి, లేచిన ప్రభువు శిష్యుల్ని కొండ మీదికి రమ్మన్న చోటు తీశారు. లోలోపల ఒకసారి చదువుకున్నారు. ఆ తరవాత పెద్దల వైపు తిరిగి, "ఇక్కడ ఒక ముక్క ఉందండీ. ఎప్పుడు చదివినా గబగబా దాటేస్తుంటాను నేను," అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. కొండ మీద ప్రభువుని కళ్ళారా చూసి మొక్కినవాళ్ళల్లో కూడా కొందరికి అనుమానం ఉందట. అనుమానం ఉన్నవాళ్ళు ఇటు రండి, లేనివాళ్ళు అటు వెళ్ళండి అని ప్రభువు వేరు చెయ్యలేదట. మీరు వెళ్ళి అందరినీ శిష్యుల్ని చెయ్యండని అందరికీ కలిపే చెప్పాడట.

"అయితే వాళ్ళకి ఆ అనుమానం తరవాత తీరిందాండీ?" అని నేను అడిగేశాను. మనసులో అడుగుదామనుకున్నాను గానీ, నా గొంతు తెలుసు కదా.

"రాయలేదమ్మా," అన్నారు అయ్యగారు. ఈసారి తీరిగ్గా మాట్లాడుకుందాం అనలేదు.

మర్నాడు ఆదివారం బాప్తిస్మం ఇచ్చారు. మా గుళ్ళో గిన్నెలోంచి దోసెడు నీళ్ళు నెత్తిన పోస్తారు. ఆ పిల్ల వంచిన తల ఎత్తకుండా ఇంకా పోస్తారని ఎదురుచూసింది. "అయిపోయిందమ్మా," అన్నారు అయ్యగారు. "ఇంతేనాండీ?" అంది, ఎంతో చిన్నబుచ్చుకుని. కొల్లేట్లో పుట్టిన మనిషికి ఆ దోసెడు ఏం ఆనుతాయి? అమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మధ్యాహ్నం ఆవిడే ఆ చేపల్లో కాసిని వంకాయలతో పులుసు పెట్టి అందరికీ వడ్డించింది. అయ్యగారు ఏ సందేహమూ లేకుండా మళ్ళీ వడ్డించుకున్నారు.

లంకకు తిరిగి వెళ్తుంటే గట్టు మీద అత్త నిలబడి ఉంది. కోడలి మొహం చూసి సంగతి గ్రహించింది. ఆ తరవాత నేను వెళ్ళినప్పుడు నా దోనె గట్టుకి ఆననిచ్చింది, బాతుల గొడవ యథాప్రకారం ఎత్తింది.

ఒకనాడు నేను వెళ్ళేసరికి కోడలు ఇంట్లో లేదు. ఆ పక్క లంకలో ఎవరికో కథ చెప్పడానికి పోయిందట, మావులు కూడా పట్టుకుని. అత్త పొయ్యి దగ్గర కూర్చుని చేపలు తోముతోంది. నేను అరుగు మీద కూర్చుని గడపలోంచి చూస్తున్నాను. ఆవిడ ఒక బొమ్మిడాయి తీసింది. కాస్త ఆగింది. దానికి ఉప్పు రాసి, లేచి, కప్పు మీద దేవుడి చేపల పక్కన పెట్టింది.

వెనక్కి తిరిగేసరికి నేను చూస్తున్నాను.

"ఏంటా చూపు?" అంది. "నాకేం నమ్మకం లేదు. అది పక్క లంకకి పోయింది, ఈ పూట వాటా ఆగిపోతే బాగోదని పెట్టేను."

"ఊరికే చూశానండి పెద్దమ్మగారూ," అన్నాను.

"చూసింది చాల్లే. ఆ ఎండలో ఏం కూర్చుంటావు, లోపలికి రా."