గుడ్డుసొన కట్టు

అనంతపురం బస్టాండు పక్కన ఆమ్లెట్ల బండివాడు పారేసిన గుడ్డుపెంకులు ఎండకు మగ్గి వాసన కొడుతుంటే ఇప్పటికీ నా ఎడమచేతిని కొంగు కింద దాచుకోవాలనిపిస్తుంది.

యాడికి అనే ఊళ్లో మాది వ్యాపారస్థుల ఇల్లు. నీచు పేరెత్తినా నోరు పుక్కిలించేంత మడి మా అవ్వది. ఒక వేసవిలో, నాయన అంగడి వెనక పైకప్పు దాకా పేర్చిన శెనక్కాయ మూటలెక్కి, ఆ మట్టివాసనలో తుమ్ముకుంటూ దాగుడుమూతలాడుతూ, జారి కిందపడ్డాను. ఎడమ ముంజేయి మధ్యలో వంగిపోయింది. నాయన సైకిలు మీద పక్కూళ్లో కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన చెయ్యి లాగి సరిచేసి, గుడ్డుసొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పూసి చుట్టి, పైన వెదురుబద్దలు బిగించి, ఎముక అతికేదాకా విప్పొద్దన్నాడు. గుడ్డు సంగతి అవ్వకు చెప్పొద్దని నాయన దారంతా బతిమాలాడు.

ఆ ఎండలకు కట్టు కుళ్లుకంపు కొట్టింది. ఈగలు ముసిరేవి, లోపల పురుగులు పాకినట్టు దురద, నా చెయ్యంటే నాకే రోత. అవ్వ పసిగట్టి నన్ను పశువుల కొట్టంలోకి మార్చింది. ఇంట్లో అందరూ మామిడిరసం పోసుకుని ఓళిగలు తింటుంటే, ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరం నుంచే నా పళ్లెంలోకి ఒకటి విసిరేది. అమ్మ వచ్చి పేడకంపులో నా పక్కన కూర్చుంది. తలంటుకోకుండా లోపలికి రావద్దని అవ్వ అంటే, ఎన్నడూ ఎదురు చెప్పని అమ్మ తల కూడా ఎత్తకుండా చెప్పింది.

“కంపు కొట్టేది నా బిడ్డ. నేనూ ఈడనే తింటా.”

అంతలో ఇంట్లో వ్రతం వచ్చింది.

“ఆ దరిద్రం కోసి పారేయి. ఎముకదేముండాది, అదే అతుక్కుంటాది,” అంది అవ్వ నాయనతో.

అమ్మ ఏడుస్తూ అడ్డం పడినా నాయన కత్తెర తెచ్చాడు. కట్టు కింద చర్మం నానిన కాగితంలా తెల్లగా ఊడొచ్చింది. అవ్వ ఎడంగా నిలబడి పసుపునీళ్లు చల్లింది. ఇంకా పచ్చిగా ఉన్న ఎముక తర్వాత నెలల తరబడి తన ఇష్టానికి గట్టిపడింది, వంకరగా, మధ్యలో ఒక గడ్డతో.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మా నాయనా లేరు. మూటలుండిన చోట సెల్‌ఫోన్ల దుకాణం, కొట్టం పడగొట్టి బాత్రూము. మొన్న అవ్వ తద్దినానికి పోతే, వదిన వడ్డిస్తూ అంది.

“అవ్వకుండే శుచి ఇప్పుడు ఎవరికుండాది చెప్పు?”

అన్నం సగంలోనే వదిలి విస్తరి మడిచి లేచాను.