చిన్నాయన గడ్డివామి

ఇది నిజంగా జరిగింది. నమ్మకపోతే మానేయండి. నా ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు ఉన్నాయి, కాస్త చూసి మానేయండి.

మా అన్నకూ నాకూ పుట్టుకతో ఒకటే జబ్బు. మీరందరూ రోజూ పీల్చి మరిచిపోయే బూజును చంపే శక్తి మా ఒంటికి లేదు. "పాత గడ్డి, పెంట... వీటి దగ్గరికే పోవద్దు" అన్నాడు చెన్నై డాక్టరు. అమ్మ ఆ మాట అనంతసాగరం వైపు సేద్యం చేసుకునే చిన్నాయనకు చెప్పింది. ఆయన నవ్వాడు.

"గడ్డి పట్టుకుంటే సచ్చేవోణ్ణి నేను యాడా చూళ్లేదు వొదినా. పని ఎగ్గొట్టే జబ్బు అది. రారా డేవిడూ!"

వానకు నానిన గడ్డివామి. డేవిడన్న చేతే సగం విప్పించాడు. మూడో వారానికి అన్న ఊపిరితిత్తుల నిండా బూజు. అంతే... వెళ్లిపోయాడు.

ఆదరణ కూడిక, అదే పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, చిన్నాయన ఇంట్లోనే పెట్టారు. ఆయన లేచి, "దేవుడు పిలుచుకున్నాడు" అని సాక్ష్యం చెప్పాడు. నిజమే కావచ్చు. దారి చూపించింది మాత్రం ఈయన.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక వామి దగ్గరికి వెళ్లాను. ముఖానికి మాస్కు. చేతిలో ఖాళీ గోతం. మిగిలిన బూజు గడ్డి నింపి ఆయన దిండులో కుక్కాలని ఆలోచన. అది ఆయన్ను ఏమీ చేయదు, చేస్తే నన్నే చేస్తుంది. బాటనీ డిగ్రీ ఉంది, ఆ మాత్రం తెలుసు. పగకు డిగ్రీ అడ్డం రాలేదు.

చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది...

అప్పుడు... దగ్గు.

వామి లోపలి నుంచి. రెండు పొట్టివి... ఆగి... ఒక పొడుగుది. చివర సన్నటి ఈల.

అన్న దగ్గు. ఇరవయ్యేళ్లు పక్క మంచం మీద విన్నాను.

కుక్క అనుకున్నాను. నిజంగా... అలా అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

మళ్లీ దగ్గు. ఈసారి వామిలో కాదు. నా పక్కన. తర్వాత వాకిట్లో... తర్వాత వసారా మెట్ల మీద...

మంచం మీద చిన్నాయన దగ్గడం మొదలుపెట్టాడు. రెండు పొట్టివి. ఒక పొడుగుది.

గోతం అక్కడే వదిలేశాను.

నెల్లూరులో చిన్నాయనకు అన్ని పరీక్షలూ చేశారు. ఏమీ లేదన్నారు. మొన్న ఆత్మకూరులో మా గుమ్మం దాకా వచ్చాడు. సగం అయిపోయాడు.

"రేత్రిళ్లు పక్కనెవురో కూర్చోనుండినట్టు ఉండాదిరా. మీ చెన్నై డాక్టరు అడ్రసు ఇయ్యిరా..."

ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు. దగ్గు వినబడింది. ఆయన వెనక, వీధిలో, ఎవరూ లేరు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

"చీటీ ఎక్కడో పెట్టాను, వెతికి చెప్తాలే చిన్నాయనా" అన్నాను.

ఇంకా వెతుకుతున్నాను.