పదమూడో ఫ్లెక్సీ

2022 దసరాకి వారం ముందు మొదలైన సంగతి ఇది. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్క సందులో మాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. షాపు అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో ఒక కంప్యూటరు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. తలుపు లేని లోపలి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ప్రింటింగ్ మిషన్. అంతకు ముందు ఇరవై ఏళ్లు నేను బ్రష్ పట్టిన మనిషిని. గోడల మీద ప్రకటనలు, అంగళ్ల బోర్డులు, లారీల వెనక నెమళ్లు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఊడ్చిపెట్టేశాక, ఏడ్చి లాభం లేదని నేనూ ఒక మిషన్ కొన్నాను. ఊళ్లో మాత్రం ఇప్పటికీ నా పేరు పెయింటరే.

ప్రొద్దుటూరులో దసరా అంటే మాటలా! ఆ పది రోజులూ ఊరు ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. శుభాకాంక్షల ఫ్లెక్సీలతో మాకు అన్నం తినే తీరిక ఉండదు. అలాంటి రద్దీలో వచ్చాడు సుధాకర్. బట్టల అంగట్లో సేల్స్‌మన్. అతనూ, ఇంకో ఐదుగురు స్నేహితులూ కలిసి ప్రతి దసరాకీ డబ్బా పట్టుకుని బజారంతా తిరుగుతారు. పోగైన దాంతో హాస్టల్ పిల్లలకు కొత్త బట్టలు, పెద్దాసుపత్రిలో పండగ చేసుకోలేని వాళ్లకు దుప్పట్లు, మిఠాయి పొట్లాలు పంచుతారు. వాళ్ల ఫ్లెక్సీ ఎప్పుడూ నేనే వేసేవాణ్ణి, కూలి తీసుకోకుండా.

"అన్నా, ఈసారి బట్టలు, దుప్పట్లు కాదు. ఒకే పాపకు చేద్దామనుకుంటాండాం," అని ఫోన్‌లో ఫోటో చూపించాడు.

పాప పేరు షాహీన్. జమ్మలమడుగు దగ్గర పల్లె. తొమ్మిదేళ్లు. తండ్రి నాపరాళ్ల గనిలో కూలి, తల్లి మాబున్నీ రాళ్ల పాలిష్ పనికి పోతుంది. పుట్టుకతోనే ఒక కాలు లోపలికి తిరిగిపోయింది. ఆపరేషన్ సర్కారు కార్డు మీద జరుగుతుంది గానీ, ఆ తర్వాత తిరుపతిలో నెలల తరబడి ఉండాలి, కాలికి ప్రత్యేకమైన బూటు చేయించాలి. దానికే ఈ వసూలు.

ఫోటోలో ఆ పిల్ల ఇంటి అరుగు మీద కూర్చుని, పైన రెండు పళ్లు ఊడిన నోరు తెరిచి, పగలబడి నవ్వుతోంది.

"ఏందన్నా ఇది, నవ్వుతాంది! నవ్వే పాపకు దుడ్లు ఎవురేస్తారు? కొంచెం ఏడుపు మొగం చెయ్యి," అన్నాడు సుధాకర్.

"ఇంగో ఫోటో తెప్పీయప్పా."

"యాడ తెచ్చేది? పొద్దన్నే కట్టల్ల. నీకు రాంది ఏముందన్నా!"

నీకు రానిది ఏముంది అంటే చాలు, నేను మునగచెట్టు ఎక్కేస్తాను. చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ముఖాన్ని మైనంలాగా అటూ ఇటూ జరిపే టూల్ ఒకటి ఉంటుంది. దాంతో పెదాల కొసలు కిందికి లాగాను. పళ్లు కనబడకుండా నోరు మూయించాను. కళ్ల కింద నలుపు దిద్దాను. వెనక ఎండను తీసేసి బూడిదరంగు మబ్బు పెట్టాను. చెంప మీద ఒక కన్నీటి చుక్క కూడా పెట్టి చూశాను గానీ, మరీ ఎక్కువైందనిపించి తీసేశాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. కింద పెద్ద అక్షరాలతో "ఈ చిన్నారి నడవాలంటే మీ దసరా కానుక కావాలి" అని రాశాను.

మా పనిలో అసలు ప్రింట్లకు ముందు ఒక టెస్ట్ ప్రింట్ తీస్తాం, రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి. ఆ టెస్ట్ ప్రింట్‌లో ముఖం కాస్త ఎర్రబారింది. పాప ఆరోగ్యంగా కనిపిస్తోందని సుధాకర్ గునిశాడు. దాన్ని పక్కన పడేసి, రంగు ఇంకా పీల్చేసి, పన్నెండు ఫ్లెక్సీలు తీశాను. మూలల్లో తాళ్లు కట్టే రింగులు కొట్టి ఇచ్చాను. ప్రొద్దుటూరులో ఆరు, జమ్మలమడుగులో మూడు, పులివెందులలో రెండు, వేంపల్లెలో ఒకటి కట్టి, ప్రతి దాని కిందా ఒక డబ్బా పెట్టారు.

జనం నిజంగానే కరిగిపోయారు. అమ్మవారి దర్శనానికి వచ్చిన ఆడవాళ్లు మా సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీ ముందు ఆగి, "అయ్యో తల్లీ" అని కొంగుతో కళ్లు ఒత్తుకుని డబ్బాలో వేసేవాళ్లు. నేను షాపు గుమ్మంలో నిలబడి అది చూసి మురిసిపోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా మురిసిపోయాను. ఆపరేషన్ అయింది. పాప తిరుపతిలో ఉంది, నడక నేర్చుకుంటోంది అని సుధాకర్ చెప్పినప్పుడల్లా, నా చెయ్యి లేకపోతే ఎక్కడయ్యేది అనుకునేవాణ్ణి.

మరుసటి ఏడాది మే నెల ఆఖర్లో, మండే ఎండలో, మాబున్నీ కూతురిని వెంటబెట్టుకుని షాపుకు వచ్చింది. పాప కాలికి నల్లటి బూటు ఉంది. కొంచెం పక్కకు ఒరుగుతోంది గానీ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్టెక్కింది. నా కళ్లు చెమ్మగిల్లాయి.

"అన్నా, మీరందరు సల్లగుండల్ల. అడగల్లంటే నాకు నోరు రాలే. ఇదే మొండికేసి పిల్చుకోనొచ్చింది," అంది మాబున్నీ.

"చెప్పమ్మా, ఏం కావల్ల?"

"జమ్మలమడుగు బస్టాండులో ఆ ఫ్లెక్సీ ఇంగా ఉండాదన్నా. బడికి పోవల్లంటే ఆడే దిగల్ల. పిల్లోల్లు దాన్ని చూపిచ్చి ఏడుపు షాహీన్, ఏడుపు షాహీన్ అంటాండారంట. అవి యాడా లేకుండా తీస్తేనే బడికి పోతా అంటాది. పోయిన సంవత్సరం ఎట్లా పాయ. ఈసారీ పోలేదంటే ఇంగ సదువు లేదన్నా. నా యెంబడి పాలిష్ కాడికి రావల్సిందే."

అంతలో గొంతు తగ్గించి, ఆ రోజు బస్సులో జరిగింది కూడా చెప్పింది. ఎవరో ముసలమ్మ పాపను గుర్తుపట్టి, చేతిలో పది రూపాయలు పెట్టిందట. పాప "నాకొద్దు జేజీ, నేను నడుస్తాండా" అని తిరిగి ఇచ్చేసిందట. దానికి ఆ ముసలమ్మ "సూడు, ఇస్తే తీసుకోడానికి ఎంత రోషం!" అని బస్సంతా వినబడేలా అందట.

అప్పటిదాకా మాట్లాడని పాప నా వైపు తిరిగింది. "మామా, ఆ ఫోటో తీసినప్పుడు నేను నవ్వినా. మా నాయన నవ్విచ్చే తీసినాడు. ఫ్లెక్సీలో ఏడుపు మొగం ఎట్లొచ్చింది?"

"అదీ... మిషన్‌లో అట్లొచ్చిందిలే పాపా. రంగులు తేడా పడింటాయి," అనేశాను.

"మిషన్‌లోనా?" అని పాప లోపలి గదిలోకి చూసింది. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది. మిషన్ ఎప్పుడూ చూడని పిల్ల, వింతగా ఉంది కాబోలు అనుకున్నాను. బడి తెరిచేలోపు ఒక్క ఫ్లెక్సీ కూడా లేకుండా తీసేస్తానని మాటిచ్చి పంపించాను.

మాటివ్వడం తేలికే. ఫ్లెక్సీ అనేది కట్టేదాకే మనది, తర్వాత అది ఊరి సొత్తు. పండగ అయిన మరునాడే విప్పుకుపోయి ఏదో ఒకదానికి వాడుకుంటారు. గడ్డివాముకు కప్పుతారు, కారే ఇంటికి కప్పుతారు, స్నానాలకు చాటు కట్టుకుంటారు. అందుకని తెల్ల ఫ్లెక్సీ రోల్‌లో నుంచి పట్టాలు కత్తిరించుకుని, సుధాకర్‌ని వెనక ఎక్కించుకుని, బండి తీశాను. పాతది ఇస్తే కొత్త పట్టా ఇస్తామన్నది మా బేరం.

బస్టాండులోది మొట్టమొదట విప్పాం. జమ్మలమడుగులో ఇంకొకటి బర్రెల కొట్టానికి అడ్డం కట్టి ఉంది. పులివెందులలో ఒకటి మెకానిక్ షెడ్డులో నేల మీద పరిచారు. గ్రీజు మరకల మధ్య ఆ ముఖం నన్నే చూస్తుంటే, సుధాకర్ "ఏందన్నా ఇది, దయ్యం పట్టినట్ల!" అని గబగబా చుట్టేశాడు. ప్రొద్దుటూరులో ఒకటి మాత్రం గాలికి చిరిగి పేలికలైపోయింది. ఆ పేలికలు కూడా ఏరుకున్నాం.

ఆఖరిది, వేంపల్లెలోది, బడి తెరిచే ముందు రోజు పొద్దున దొరికింది. అది ఒక బజ్జీల బండికి పైకప్పు అయి ఉంది. బండి ఆమెకు అరవై ఏళ్లుంటాయి.

"ఆ పాపా? పొద్దన పిండి కలుపుతానే ఆయమ్మి మొగం చూస్తాంటి. పాపం ఇంగా బాగు కాలేదేమో అనుకుంటాంటి," అంది.

"బాగైందమ్మా. నడుస్తాంది. బడికి కూడా పోతాది."

ఆమె గరిటె కింద పెట్టేసింది. "నడుస్తాందా? ఎప్పటి నుంచి?"

"మూడు నెలలాయ."

"మరి ఆ మాట ఒక ఫ్లెక్సీ యెయ్యద్దాప్పా మీరు? అడుక్కునేటప్పుడేనా మీకు ఫ్లెక్సీలు? దసరాకి నేనూ ఏసినా ఆ డబ్బాలో. బాగైందని ఎవురన్నా వచ్చి చెప్పినారా నాకు?"

తిడుతూనే ఆమె తాళ్లు తనే విప్పి ఇచ్చింది. మేమిచ్చిన తెల్ల పట్టా తీసుకోలేదు. పైగా పాపకు ఇమ్మని బజ్జీలు పొట్లం కట్టింది. దారి పొడుగునా ఆ పొట్లం నా జేబును కాలుస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే తల్లీకూతుళ్లను షాపుకు రమ్మన్నాం. పన్నెండూ ముందు గదిలో కుప్పగా పోశాను. పాప వంగి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. పేలికలను ఒకటిగా కలిపి పన్నెండు అంది. నేను గొప్పగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"ఇంగోటి ఉండాది మామా," అంది.

"లేదు పాపా. పన్నెండే ఏసింది. సుధాకర్‌ని అడుగు."

"ఉండాది. ఆ పొద్దే చూసినా."

"యాడ?"

పాప లోపలి గదిలోకి నడిచింది. వెనకాలే వెళ్లాను. మిషన్‌కు కుడివైపు కొస మీద చెయ్యి వేసింది. రంగు చిమ్మే హెడ్ ఉండేది అక్కడే, దుమ్ము పడితే పాడవుతుందని ప్రింట్లు లేనప్పుడల్లా పట్టా కప్పుతాను. ఆ పట్టా దసరా నాటి టెస్ట్ ప్రింట్. ఎనిమిది నెలలుగా నా చేతులతోనే తీస్తున్నాను, నా చేతులతోనే కప్పుతున్నాను. మడతలో సగం ముఖం, నేను దిద్దిన నల్లటి కళ్లు, నేను మూయించిన నోరు పైకి తిరిగి ఉన్నాయి. నేను మిషన్ మీద నెపం పెట్టినప్పుడు ఆ పిల్ల చూసింది మిషన్‌ని కాదు, దీన్ని.

పక్కనే ఉన్న రోల్ మీద కూలబడ్డాను.

"మిషన్ కాదు పాపా. నేనే తీసినా నీ నవ్వు. నవ్వుతాంటే ఎవురూ సాయం చెయ్యరనుకున్నాం."

షాహీన్ పట్టా మీది మూసిన నోటిని వేలితో తడిమింది. "చెయ్యరా?"

"ఏమో పాపా. నవ్వే ఫోటో పెట్టి చూల్లేదు మేము."

సుధాకర్ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. నేను లేచి పట్టా తీసి కుప్పలో పడేశాను. కంప్యూటర్ దగ్గర కుర్చీలో పాపను కూర్చోబెట్టి అసలు ఫోటో తెరిచాను. అది అలాగే ఉంది, ఎండా, అరుగూ, ఊడిన పళ్లూ, అన్నీ. మాబున్నీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప మాత్రం "అయ్య, పండ్లు లేవు!" అని కిసుక్కున నవ్వింది. ఇప్పుడు ఆ చోట రెండు పెద్ద పళ్లు వచ్చి ఉన్నాయి.

బజ్జీలావిడ తిట్లు నా చెవిలో ఇంకా మోగుతూనే ఉన్నాయి. "పాపా, ఇదే పెద్దగా ప్రింట్ తీస్తా. బాగైందని రాసి, జమ్మలమడుగు బస్టాండులో అదే చోట కడదామా? అందరూ చూస్తారు," అన్నాను ఆశగా.

"వద్దు మామా. యాడా కట్టద్దు. నేను నడిచిపోతాంటే చూస్తారు కదా," అంది, నేనిచ్చిన బజ్జీల పొట్లం విప్పుకుంటూ.

మరునాడు ఆ అమ్మాయి బడికి వెళ్లింది. మాబున్నీ ఫోన్ చేసి చెప్పింది.

ఆ ఏడు దసరాకి సుధాకర్ మళ్లీ డబ్బాతో వచ్చాడు. ఈసారి ఫ్లెక్సీ మీద ముఖం లేదు. ఎవరికి ఏం కావాలో పెద్ద అక్షరాలతో రాశాను. దాని కిందనే, పోయినసారి మీరు సాయం చేసిన పాప ఇప్పుడు నడుస్తోంది, బడికి పోతోంది అని ఇంకో వాక్యం రాశాను. పేరు రాయలేదు. ఆ వాక్యం రాయొచ్చా అని ముందుగా షాహీన్‌కి ఫోన్ చేసి అడిగాను. మొదటి ఫ్లెక్సీ వేంపల్లెకు పంపించాను.

ముప్పై ఏళ్లుగా ఎందరి ముఖాలో రాశాను, ఎందరి ముఖాలో దిద్దాను. ముఖం ఎవరిదో వాళ్లను ఒక మాట అడగాలని తోచడానికి నాకు ఇంత వయసు రావాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఫోటో తెచ్చి, కొంచెం దిగులుగా చెయ్యండి అంటే, నవ్వు తీసే పని మా దగ్గర లేదప్పా, వేరే షాపు చూసుకోండి అంటాను. కొందరు కోపంగా వెళ్లిపోతారు. పోతే పోనీ.