మా ఆయన చేత బిడ్డకు నీళ్లు పోయించిన అవ్వ

సంఘం అక్కలకు,

నేను అయిదు దాకే చదివాను. తప్పులకూ ఈ వంకర రాతకూ ఏమీ అనుకోవద్దు. మా పక్కింటి అవ్వ సోమవారం పొద్దున పోయింది. ఆమె గురించి రాసిమ్మని మీరు అడిగినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఏడవాల్సింది పోయి, ఎప్పుడు చెబుదామా అని ఒకటే ఆత్రం.

మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ అవ్వే నీళ్లు పోసేది. బండ మీద కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, మొదట తన మోకాలి మీద కాసిని పోసుకునేది. "బిడ్డకు మాట రాదు, నా మోకాలే చెప్తాది" అనేది.

పాప పుట్టిన ఏడాది వానల్లేవు. నేను పనికి పోలేను, ఆయన ఒక్కడి కూలితోనే ఇల్లు గడవాలి. చీటికీ మాటికీ గొడవ. చివరికి మాటలే ఆగిపోయాయి. ఏం చెప్పాలన్నా మూడు నెలల పాపకు చెప్పేవాళ్లం.

"సంగటి పెట్టినానని మీ నాయనకు చెప్పు పాపా."

"ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు."

ఒకరోజు గోరంట్లలో మా అమ్మ దగ్గరికి పోదామని బట్టలు మూట కట్టాను. నీళ్లు పోయడానికి వచ్చిన అవ్వ ఆ మూట చూసింది. చేతికి గుడ్డ చుట్టుకుని ఆయన్ను కేకేసింది.

"ఏమప్పా, నా చెయ్యి బెణికింది. వచ్చి కాళ్లు చాపు."

"నేనా! మగోన్ని చూసి వీధంతా నగుతారవ్వా."

"నగనీలే. పాలు తాగే బిడ్డతో కబుర్లు మోయిస్తాండారే, దానికి నగల్యా?"

ఆయన లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు. పాప జారుతుందని రెండు చేతులా పట్టుకున్నాడు. మరి పోసేదెవరు? అవ్వ చెంబు నా చేతిలో పెట్టింది. ఆయన మోకాలి మీద పోశాను.

"అబ్బా, కాల్తాండాయే!"

పాపతో కాదు, నాతో! ఎన్ని రోజుల తర్వాతో!

"ఉండు, సన్నీళ్లు కలుపుతా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవ్వ గుడ్డ విప్పేసి, ఆ బెణికిన చేత్తోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూట నేనే విప్పుకున్నాను. కూలి పెరగలేదు, గొడవలూ పోలేదు. కానీ అప్పటి నుంచి ఏమున్నా మొహం చూసే అనుకుంటున్నాం.

అవ్వను సాగనంపిన మరునాడు ఎదురింటి అబ్బాయి తన పసిగుడ్డును ఎత్తుకుని మా గడప దగ్గర నిలబడ్డాడు. వెనకాలే భార్య.

"అన్నా, అవ్వ లేదు కదా. నువ్వు పొయ్యన్నా."

"నేనెందుకప్పా? నువ్వే కూచో. నేను చూపిస్తా" అన్నాడు మా ఆయన.

ఒకే బండ మీద ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆ పిల్ల చెంబు పట్టుకుని, మొగుడి మొహం చూస్తూ, సన్నగా పోస్తోంది.

చదివాక దీన్ని పొయ్యిలో వేసేయండి అక్కా. ఆయన కంటపడితే నేను తలెత్తలేను.