పర్మిట్ వచ్చేదాకా ముట్టుకోవద్దు

వైర్లు పోయే ప్లాస్టిక్ పైపును మంట మీద వేడిచేసి వంచేటప్పుడు ఒక ఘాటైన వాసన వస్తుంది. మొన్న రేణిగుంట రోడ్డులో మా సైటు మెట్లెక్కుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. అక్కడే ఆగిపోయాను. పైన పైపు వంచుతున్నది మా పనివాళ్లేనని తెలుసు. అయినా నాకు ఈ పని నేర్పిన చెంగల్రాయులన్న గొంతుక్కూర్చుని "మెల్లింగా తిప్పు పాపా, మాడిపోతే పనికిరాదు" అంటున్నట్టే అనిపించింది.

మాది ఐరాల దగ్గర పల్లె. బోర్లు ఎండిపోయి చెనక్కాయ పంట చేతికి రాకపోవడంతో నేనూ మా ఆయన గంగాధరం తిరుపతి చేరాం. ఆయన ఆటో తోలేవాడు. ఇంటర్ పాసయిన నేను బేల్దారి పనిలో ఇసుక, ఇటుకలు మోసేదాన్ని. నేను పనిచేసే సైటులో చెంగల్రాయులన్న ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. నగరి మనిషి, యాభై దాటినవాడు. ఒకరోజు నీళ్ల మోటారు తాకి ఒకామెకు షాక్ కొట్టింది. అందరూ ఆమె వైపు పరుగెత్తారు. నేను మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తి ఆపేశాను. ఆమె బతికింది. మధ్యాహ్నం అన్నం తింటుంటే చెంగల్రాయులన్న నా దగ్గరికి వచ్చాడు.

"స్విచ్చి ఆపల్లని నీకెవురు సెప్పినారు?"

"ఎవురూ సెప్పలేదన్నా. ఆయమ్మను పట్టుకుంటే నాకూ కొడతాదని బయపడినా. అయినా మోటారును తాకితే షాకెందుకు కొట్టింది?"

ఆయన నన్ను మోటారు దగ్గరికి తీసుకెళ్లి తెగిపోయిన ఎర్త్ వైరు చూపించాడు. కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేకపోతే మనిషినే దారి చేసుకుంటుందని చెప్పాడు. మర్నాడు మేస్త్రీని అడిగి నన్ను తన పనిలోకి తీసుకున్నాడు.

ఆడమనిషికి వైరింగు పనేమిటని నవ్వినవాళ్లున్నారు. ఆయన వాళ్లతో వాదించలేదు. గోడకు గాడి కొట్టడం, పైపు వంచడం, వైరు లాగడం ఓపిగ్గా నేర్పాడు. వైర్‌మన్ పర్మిట్ పరీక్షకు దరఖాస్తు పెట్టించాడు. ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. కరెంటు వచ్చే ప్యానెల్ బోర్డును నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకసారి ఆయన బంధువుల పెళ్లికని నగరి వెళ్లాడు. కింది అంతస్తు యజమాని మర్నాడే గృహప్రవేశం పెట్టుకున్నాడు. కాంట్రాక్టరు నన్ను పిలిచి, "నీకు పనంతా వచ్చు కదమ్మా, ప్యానెల్ కనెక్షన్ నువ్వే ఇచ్చేయ్" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. చిన్న సందేహం తీర్చుకుందామని అన్నకు ఫోన్ చేశాను.

"చెయ్యి తియ్యి" అన్నాడాయన. "నేను వచ్చేదాకా ఆ డబ్బాను ముట్టుకోవద్దు."

పెళ్లి భోజనం వదిలేసి బస్సెక్కి వచ్చాడు. "ఆమెకు పని రాదా ఏంది?" అని కాంట్రాక్టరు మండిపడ్డాడు.

"బాగా వచ్చు సార్. రేపేమన్నా అయితే, పర్మిట్ లేని మనిషి తనంతట తానే పోయి తాకిందంటారు. అప్పుడు ఆయమ్మ పక్కన ఎవురు నిలబడతారు? మీరు నిలబడతారా?"

కనెక్షన్ ఆయనే ఇచ్చాడు. నన్ను నమ్మలేదని ముఖం ముడుచుకుని పక్కన నిలబడ్డాను. పని ముగించి చేతులు తుడుచుకుంటూ తన స్నేహితుడి సంగతి చెప్పాడు. పనిలో తనకంటే చురుకైనవాడట. ఇలాంటి బోర్డు దగ్గరే షాక్ కొట్టి చనిపోయాడట. "అప్పుడు మా ఇద్దరికీ పర్మిట్ లేదు. తప్పంతా వానిదే అనేసినారు. వాళ్లమ్మకు ఆ మాటే మిగిలింది పాపా." నా కోపం ఎటు పోయిందో తెలియదు.

కొద్ది రోజులకే కాంట్రాక్టరు ఆయన్ని ఆ సైటు నుంచి తప్పించాడు. నా వల్లే కదా అని నేను బాధపడితే, "ఊరంతా యాడ సూసినా కడతానే ఉండారు, నాకు పనికేం కరువు?" అని నవ్వేశాడు.

మొదటిసారి నేను పరీక్ష తప్పాను. ప్రాక్టికల్లో పరీక్షాధికారి పక్కన నిలబడగానే చేతులు వణికాయి. కింద ఒకటి, పైన ఒకటి రెండు స్విచ్చులుండే మెట్ల దీపం కనెక్షన్ ఇచ్చాను గానీ బల్బు వెలగలేదు. ఇక ఇటుకలే మోసుకుంటానని ఇంట్లో కూర్చుంటే, గంగాధరం నన్ను ఆటోలో ఎక్కించుకుని అన్న కొత్త సైటుకు తీసుకెళ్లాడు.

"బల్బు వెలగలేదు, అంతే కదా? ఎవురికీ ఏం కాలేదు. తప్పు చేస్తే పరీక్షలోనే చెయ్యల్ల" అన్నాడు అన్న. కాంక్రీటు మిక్సరు పక్కనే ఒక చెక్క మీద స్విచ్చులు బిగించి అదే కనెక్షన్ మళ్లీ మళ్లీ ఇప్పించాడు. పనివాళ్లను చుట్టూ నిలబెట్టి, నన్ను మాటల్లో పెట్టమనేవాడు. చివరికి ఆ రొదలోనూ నా చేతులు నిలకడగా ఉండటం నేర్చుకున్నాయి. రెండోసారి పరీక్షకు పోతే పర్మిట్ వచ్చింది. కొన్నేళ్లకు సూపర్‌వైజరు లైసెన్సూ వచ్చింది.

ఆయన నగరిలో చిన్న ఇల్లు కట్టుకున్నప్పుడు వైరింగు పరీక్షించి, బాగుందని కాగితం మీద సంతకం పెట్టమని నన్నే పిలిచాడు. "మీ పనికి నేను సంతకం పెట్టేదేంది అన్నా?" అంటే వినలేదు.

"నా పని నాకు బాగానే కనపడతాది. అందుకే ఇంకొకరు సూడల్ల."

ఇల్లంతా నా వెంట తిరిగాడు. "ఈ గదిలో మా ఆవిడ పండుకుంటాది. ఈడ మనవరాలు ఆడుకుంటాది" అని చెబుతూ వచ్చాడు. వంటింట్లో ఒక సాకెట్ ఎర్త్ వదులుగా ఉంది. నమ్మలేక రెండుసార్లు మీటరు తగిలించి చూశాను. చివరికి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. స్క్రూడ్రైవరు తెచ్చి, నా కళ్లముందే బిగించి, మళ్లీ పరీక్షించమన్నాడు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. పర్మిట్ వచ్చేదాకా ప్యానెల్ ముట్టుకోనివ్వనని నా మీద అలుగుతారు. ఏ ఇంటికి సంతకం పెట్టాల్సి వచ్చినా ముందు గది గదికీ తిరిగి, ఇక్కడ ఎవరు ఉంటారని అడుగుతాను. "ఈడ మా పాప పండుకుంటాది మేడం" అంటారు ఇంటివాళ్లు. అప్పుడు ఆ గదిలో మీటరు ఇంకోసారి తగిలించి చూస్తాను.