శుక్రవారం చేసిన చిప్పులే యాల చెడిపోతాండె

రెండువేల ఇరవైమూడు, ఎండాకాలం. అనంతపురం బయట ఒక కాలేజీలో క్లీన్‌రూమ్ ఉండాది. అంటే దుమ్ము లేని గది. బయట ఎర్రదుమ్ము లేస్తాంటే, ఆ గదిలో కంటికి కనపడని నలుసు కూడా ఉండగూడదు. లోపలికి పోయేవాళ్లకి తెల్ల సూట్లు ఉతికి, మడిచి ఇచ్చేది నా పని. నేను సదివింది అయిదో తరగతి. రాయడం ఇదే మొదలు. అయినా నా పని నాకు బాగా తెలుసు.

ఆడ పీహెచ్‌డీ సదివే సుమలత అనే పాప కంప్యూటర్ చిప్పు చేస్తాండె. గుంతకల్లు రైల్వే ఆయన బిడ్డ. వెంట్రుక కంటే శానా సన్నంగుండే కార్బన్ గొట్టాలు పేర్చి, వాటిలో కరెంటు పంపుతాది. నానోట్యూబులంటారు.

"ఒక దారి తెగితే ఇంకో దారిలో కరెంటు పోయేట్టు గీసినానక్కా," అని చెప్తాండె.

అయినా శుక్రవారం చేసినవన్నీ చెడిపోతాండె. రెండు దార్లూ ఒకేసారి. చిప్పుమీద మచ్చలు కనపడితే, చిప్పు చేసే మిషన్‌లోవి అనుకొని మిషన్ విప్పి తుడుస్తాండ్రి. ఆఖరికి పాపకి గైడుగా ఉండే సార్ చెప్పేసినాడు: "ఈ నెలలో ఏ రోజు చేసిన చిప్పైనా నడిచేట్టు చూపించకుంటే నీ డిజైనే తప్పు. వేరే పని ఎత్తుకో." నాలుగేండ్ల కష్టం. పాప సూట్ ఇప్పి నా పక్కన కూలబడింది.

"శుక్రవారం నీకు అచ్చిరాదేమో తల్లీ," అన్నా.

"నా చిప్పు సంగతి శుక్రవారానికి ఏం తెలుసక్కా?" అని నవ్వబోయి ఏడ్సింది.

ఆ సూట్ ఉతకను బయటికి తెచ్చినా. లోపలంతా పసుపురంగు లైటే. మామూలు లైటు పడితే చిప్పుకి పూసే మందు చెడిపోతాది. లోపల కనపడంది, బయట ట్యూబులైటు కింద చూస్తే, సూట్ ఎదమీద వేలెడంత పసుపు మరక.

నా చెయ్యి మెడమీదికి పోయింది. శుక్రవారం పొద్దున్నే తాళికి పసుపు పూసుకుంటా. సూట్ బల్లమీదనే మడవాలని నాకు చెప్పిండ్రి. అయినా నేను చీర మాదిరి గడ్డం కింద పట్టుకొని, ఎదకి అదిమి మడుస్తాంటి.

చెప్తే నా పని పోతాది. చెప్పకుంటే పాప నాలుగేండ్లు పోతాయి. సూట్ తీసుకపోయి సార్ ముందర పెట్టినా.

"నా వల్లనే సార్. పసుపు."

సార్ ఆ మరకనీ, చెడిపోయిన చిప్పునీ మైక్రోస్కోపులో చూసినాడు. "ఆ గొట్టాలకి ఈ పసుపు నలుసు బండరాయి ఈరమ్మా! రెండు దార్లమీదా పడి కూర్చుండాది."

"పనిలోంచి తీసేస్తారా సార్?"

"తీసేస్తే ఇట్లాంటివి కనుక్కునేదెవరమ్మా?"

అప్పట్నుంచి పని అయి ఇంటికి పోయినాకనే పసుపు పూసుకుంటాండా. పై శుక్రవారం చేసిన చిప్పు నడిచింది. పాప సూట్‌లోనే ఉరికొచ్చి పట్టుకోబోయింది. "దూరం, దూరం! సూట్ నాకు తగులుతాది!" అని ఎనక్కి జరిగినా.

ఇప్పుడు కొత్తగా చేరినోళ్లకి నేనే పని నేర్పిస్తా. ఒక దారి తెగితే ఇంకో దారి చిప్పులో గీసి పెట్టుకోవచ్చు. తప్పు చేసినోళ్లు నోరు మూసుకుంటే మాత్రం ఏ దారీ లేదు. అందుకే వాళ్లకి మొదట చెప్పేది నా పసుపు సంగతే.