మూడో మూట మిరపకాయలు

మా చిన్నప్పుడు... తమిళనాడులో విళాత్తికుళం దగ్గర మా ఊరి మారెమ్మ గుడి ముందు, మిరపకాయలు తూచే పెద్ద త్రాసులో నన్ను కూర్చోబెట్టారు. నాకప్పుడు పదకొండేళ్ళు.

అది అమ్మ మొక్కు. ఆరు నెలల పిల్లప్పుడు నాకు జబ్బు చేస్తే, బతికి పెద్దదైతే నా బరువుకు సరితూగే మిరపకాయలు ఇస్తానని మొక్కుకుందట. మా నల్లరేగడిలో పండేది అవే మరి...

బళ్ళో నన్నెవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. 'పూసణి' అనేవారు. తమిళంలో గుమ్మడికాయ.

నాన్న రెండు మూటలు కట్టడం చూశాను. ఆ రెండింటికే నేను సరిపోవాలి... అందరి ముందు ఇంకో మూట తెమ్మనకూడదు... అంతే నా కోరిక. నాలుగు రోజులు అమ్మ పెట్టిన కంబు సంగటి, అదే సజ్జ సంగటి, కోళ్ళకు వేశాను.

మిరపకాయలు తేలిక. గంప తర్వాత గంప పోస్తూనే ఉన్నారు. చుట్టూ తుమ్ములు. మా మేనమామ గంపలు పైకి లెక్కపెడుతున్నాడు. రెండో మూట ఖాళీ అయింది... నేను కూర్చున్న పలక నేలను వదల్లేదు.

"ఏం బావా, పక్క చేను కూడా కోసుకొని వస్తామా?" అన్నాడు మామ నాన్నతో.

అందరూ నవ్వారు. నాన్న తల వంచుకున్నాడు.

అప్పుడు అమ్మ గుడి గోడ వెనక నుంచి మూడో మూట ఈడ్చుకొచ్చింది. ముందే తెచ్చి పెట్టుకుంది... అంటే రెండు చాలవని అమ్మకు ముందే తెలుసు.

సగం మూట పోశాక పలక లేచింది. అమ్మ కళ్ళ నిండా నీళ్ళు.

"ఎందుకుమా ఏడుస్తావు?"

"గాటు పాపా... మిరపకాయ గాటు."

నా వల్ల సిగ్గుతో ఏడుస్తోందనుకున్నాను.

ఇంటికొచ్చాక అన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. చెయ్యి తోసేశాను.

"ఏమిటికి మొక్కుకుంటివి? అప్పుడే సచ్చిపోయుంటే బాగుండు గదా."

అమ్మ కింద పడిన మెతుకులు ఏరి కోళ్ళకు వేసింది. తర్వాత ఎప్పుడూ ముద్ద పెట్టబోలేదు. నేనూ అడగలేదు.

నిరుడు అమ్మ పోయింది. పదహారో రోజు కర్మనాడు చిన్నమ్మ మాటల్లో చెప్పింది...

"కోడిపిల్లంత ఉంటివి పాపా. డాక్టరే ఇంటికి ఎత్తుకొని పొమ్మనె. ఆ పొద్దు త్రాసు లేవకపోతే మీయమ్మ నా చెయ్యి పట్టుకొని, 'సూడే, నా బిడ్డ ఇంకా లేవలేదు, ఇంకా లేవలేదు' అని ఒకటే ఏడుపు. అంత సంతోసం. ఆ మూడో మూట తనే ఒక్కో కాయ చూసి ఏరి పెట్టుకొనె."

ఇప్పుడు విరుదునగర్‌లో మా ఇంట్లో పళ్ళెమంత త్రాసు ఉంది. రోజూ పొద్దున్నే ఎక్కుతాను. మూడు కిలోలు తగ్గుతాను, నాలుగు పెరుగుతాను... ముప్పై ఏళ్ళుగా ఇదే. ఈమధ్య నా కూతురూ నా వెనకే ఎక్కుతోంది. దిగాక ఇడ్లీ పళ్ళెం పక్కకు జరుపుతోంది. తినమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

అంకె పెరిగిందని మురిసిపోయే మనిషి మా ఇంట్లో ఇప్పుడు లేదు.

మీకెవరైనా ఉన్నారా...? ఉంటే వాళ్ళు పెట్టిన ముద్ద గురించి రాయండి. నేను తోసేసిన దాని గురించే రాయగలిగాను.